టెంట్ హౌస్‌కి నో-కోడ్ డేటాబేస్: ఏది తీసుకోవాలి, ఎలా కట్టుకోవాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాన్నగారి షామియానా సప్లయర్స్ షాపు, నాలుగేళ్లుగా నడుస్తున్న ఎక్సెల్ షీటు, షాపులో మీరు, గోడౌన్ దగ్గర మీ తమ్ముడు ఒకే ఫైలును వాట్సాప్‌లో అటూ ఇటూ పంపుకోవడం, పోయిన మాఘమాసంలో ఒకే రోజు రెండు పెళ్లిళ్లకు అవే కుర్చీలు ఒప్పుకోవడం. ఆ గొడవ చల్లారాక ఎవరో లక్షన్నర పెట్టి సాఫ్ట్‌వేర్ రాయించుకోమన్నారు. ఎయిర్‌టేబుల్, జోహో క్రియేటర్, యాప్‌షీట్, నోకోడీబీల్లో ఏది తీసుకుంటే ఆ ఖర్చు తప్పుతుందని మీరు అడిగారు.

లక్షన్నర ఇప్పుడే పెట్టకండి. మీ పనికి నో-కోడ్ డేటాబేస్, అంటే ప్రోగ్రాము రాయకుండా మనమే కట్టుకునేది, సరిపోతుంది. ఈ నాలుగింటిలో మీకైతే నేను యాప్‌షీట్ చెబుతాను, కారణం కింద రాస్తాను. కానీ మీ షీటును ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్లి అందులో పెడితే వచ్చే మాఘంలో ఇదే గొడవ మళ్లీ వస్తుంది. పద్నాలుగేళ్లుగా రైస్ మిల్లుకు, విత్తనాల డీలరుకు, కోల్డ్ స్టోరేజికి, మా మేనమామ టెంట్ హౌస్‌కి ఈ పని చేసిపెడుతున్నాను. దెబ్బ తిన్న ప్రతిచోటా పట్టికలు తప్పుగా గీసుకోవడం వల్లే తిన్నాం, టూల్ వల్ల కాదు.

మీరు పెట్టిన షీటు ఫొటోలో ఒక గడి చూడండి. "కుర్చీలు 300, షామి 4, పె.గుండిగ 2, కార్పెట్ 3 (ఎర్రవి)". ఒకే గడిలో నాలుగు వస్తువులు, నాలుగు సంఖ్యలు, ఒక రంగు. మీ తమ్ముడు చదివితే లారీలో ఏం ఎక్కించాలో అతనికి తెలిసిపోతుంది. కానీ ఫలానా తేదీన మొత్తం ఎన్ని కుర్చీలు బయట ఉంటాయని అడిగితే ఏ టూలూ చెప్పలేదు. దానికి ఆ గడి ఒక వాక్యం, అంతే. అందులో లెక్కపెట్టడానికి ఏమీ లేదు.

అందుకే ముందు కంప్యూటర్ కట్టేసి ఒక తెల్లకాగితం తీసుకోండి. ప్రతి పట్టిక దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇందులో ఒక్క వరుస దేని గురించి చెబుతుంది? (డేటాబేస్ వాళ్లు టేబుల్ అంటారు. మీ షాపులో టేబులంటే భోజనాల బల్ల కాబట్టి నేను పట్టిక అనే అంటాను. మీ ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు కూడా అలాగే అనండి, అయోమయం తగ్గుతుంది.) కస్టమర్ల పట్టికలో ఒక వరుస అంటే ఒక మనిషి. బుకింగుల పట్టికలో ఒక వరుస అంటే ఒక ఫంక్షన్. సామాను పట్టికలో ఒక వరుస అంటే ఒక రకం వస్తువు: ప్లాస్టిక్ కుర్చీ ఒక వరుస, కవరేసిన కుర్చీ ఇంకో వరుస, పెద్ద గుండిగ ఒకటి, చిన్న గుండిగ ఒకటి. చెల్లింపుల పట్టికలో ఒక వరుస అంటే ఒకసారి చేతికి వచ్చిన డబ్బు. అడ్వాన్సు ఒక వరుస, మిగతాది ఇచ్చినప్పుడు ఇంకో వరుస.

వీటన్నిటికన్నా ముఖ్యమైన పట్టిక మీ షీటులో అసలు లేదు. ఒక బుకింగులో చాలా వస్తువులుంటాయి, ఒక వస్తువు చాలా బుకింగుల్లోకి వెళ్తుంది. ఈ రెంటినీ కలపడానికి మధ్యలో ఒక పట్టిక కావాలి. అందులో ఒక వరుస అంటే "ఈ బుకింగుకు, ఈ వస్తువు, ఇన్ని, ఈ అద్దెకు" అని. పైన చెప్పిన ఆ గడి ఇక్కడికి వస్తే నాలుగు వరుసలవుతుంది. దీన్ని బుకింగు వరుసలు అనుకుందాం. కుర్చీలన్నీ కూడాలన్నా, ఏ గుండిగకు గిరాకీ ఎక్కువో చూడాలన్నా, బిల్లు తీయాలన్నా అన్నీ ఇక్కడి నుంచే వస్తాయి. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లోనే దీనికి పునాది వేశారు. నాన్నగారికి ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు: రోజువారీ చిట్టాలో రాసి, పేరుపేరునా ఆవర్జాలోకి (లెడ్జరులోకి) ఎత్తినట్టే. చిట్టాలో ఒక్కో పద్దు ఒక్కో వరుసలో ఉంటేనే కదా ఆవర్జాకు ఎత్తగలిగేది.

ఇక తేదీ సంగతి. మీ గొడవకు అసలు మూలం ఇక్కడే ఉందని నా అనుమానం, ఎందుకంటే మాకూ ఇలాగే జరిగింది. 2016లో మామయ్య షాపుకు నేను కట్టిన మొదటి డేటాబేస్‌లో "ఫంక్షన్ తేదీ" అని ఒక్క నిలువు వరుసే పెట్టాను. ఒక పెళ్లివాళ్లు గురువారానికని బుక్ చేశారు. శుభలేఖలో మాత్రం "గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం" అని, ముహూర్తం మూడింటి తర్వాత అని ఉంది. పెళ్లి అయ్యేది శుక్రవారం తెల్లవారుజామున, భోజనాలు శుక్రవారం మధ్యాహ్నం దాకా. మా డేటాబేస్ ప్రకారం శుక్రవారం పొద్దుటికి ఆ 300 కుర్చీలు ఖాళీ. వేరేవాళ్ల గృహప్రవేశానికి అవే ఇచ్చేశాం. ఆ పొద్దున మామయ్య స్వయంగా వాళ్లింటికి వెళ్లి తలవంచుకుని నిలబడ్డారు. కుర్చీలు వేరే షాపు నుంచి ఎక్కువ అద్దెకు తెచ్చిపెట్టాం. కట్టిచ్చింది నేను కాబట్టి ఆ రోజు ఇప్పటికీ మనసులో ఉండిపోయింది.

అందుకని మీరు మూడు తేదీలు పెట్టండి. ముహూర్తం తేదీ, గోడౌన్ నుంచి సామాను వెళ్లే రోజు, తిరిగి గోడౌన్‌కి చేరే రోజు. ముహూర్తం తేదీ కేవలం కస్టమరుతో మాట్లాడటానికి. లెక్కలన్నీ వెళ్లే రోజు, చేరే రోజు మీదే నడవాలి. తెల్లవారుజాము ముహూర్తాలకు ఏ తేదీ రాయాలో షాపులో ఒకే నియమం పెట్టుకోండి. గడియారం ప్రకారం తేదీ మారాక వచ్చేదే రాస్తామని అనుకుంటే అందరూ అదే రాయాలి.

ఇప్పుడు టూల్ ఎంపిక. ఒకే సామాను రెండుచోట్ల ఒప్పుకోకుండా ఆపాలంటే డేటాబేస్ ఒక ప్రశ్నకు జవాబు చెప్పగలగాలి. ఈ వస్తువు ఉన్న మిగతా బుకింగుల్లో, వెళ్లే రోజు ఈ కొత్త బుకింగు చేరే రోజు నాటిది గానీ అంతకు ముందుది గానీ అయి, చేరే రోజు ఈ కొత్త బుకింగు వెళ్లే రోజు నాటిది గానీ ఆ తర్వాతది గానీ అయినవి ఏవి, వాటిలో మొత్తం సంఖ్య ఎంత? ఎయిర్‌టేబుల్ చూడటానికి చాలా బాగుంటుంది, లింకులు కలపడం అందులోనే అన్నిటికన్నా తేలిక. కానీ దానిలో కూడికలు చేసే రోలప్ అనే గడి ఒక వస్తువుకు లింకైన వరుసలన్నిటినీ కూడుతుంది. తెరిచి ఉన్న బుకింగు తేదీలను బట్టి వరుసలను ఏరి కూడటం దానికి నేరుగా రాదు. ఒక వ్యూలో తేదీ ఫిల్టరు పెట్టి, వస్తువు వారీగా గ్రూపు చేసి, పైన కనపడే మొత్తం చూసుకోవచ్చు. మనిషి చూసుకుంటేనే తెలుస్తుంది, చూడకపోతే తప్పు బుకింగును అది ఆపదు.

ఖర్చు కూడా చూడండి. ఎయిర్‌టేబుల్ ఉచిత ప్లానులో ఒక బేస్‌కు (అంటే ఒక డేటాబేస్‌కు) 1,000 రికార్డులే, అంటే వరుసలే. ఏడాదికి 300 ఫంక్షన్లు, ఒక్కో దానికి ఎనిమిది వస్తువులు అనుకుంటే బుకింగు వరుసలే 2,400. నాలుగైదు నెలల్లో నిండిపోతుంది. ఆ పైన ఉన్న టీమ్ ప్లానులో 50,000 దాకా పడతాయి గానీ, ఏడాదికి ఒకేసారి కట్టినా మనిషికి నెలకు 20 డాలర్లు. నలుగురికి ఏడాదికి 960 డాలర్లు, మన డబ్బుల్లో 80 వేలకు పైనే. కొనేముందు వాళ్ల ధరల పేజీ ఒకసారి చూసుకోండి, ఈ అంకెలు మారుతుంటాయి. ఏ టూల్ తీసుకున్నా పరిమితి ఎంత అన్నదొక్కటే అడిగితే చాలదు, అది దాటితే ఏమవుతుందో కూడా అడగండి. 2020లో ఇంగ్లండులో కోవిడ్ కేసుల జాబితాను పాత రకం ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కిస్తుంటే, 65,536 వరుసలు దాటినవి చెప్పాపెట్టకుండా రాలిపోయాయి. అలా 15,841 కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు. ఎర్రర్ చూపించి ఆగిపోయే టూల్‌ను నమ్మొచ్చు.

నోకోడీబీ, దానిలాంటిదే అయిన బేస్‌రో మంచివే. సొంత సర్వరులో పెట్టుకోవచ్చు, అడుగున పోస్ట్‌గ్రెస్ లాంటి అసలైన డేటాబేస్ ఉంటుంది, మనిషికింత అని కట్టక్కర్లేదు. కానీ ఆ సర్వరును అప్‌డేట్ చేయాలి, బ్యాకప్ తీయాలి, ఆగిపోతే రాత్రిపూట లేపాలి. మీ ఇంట్లో ఆ పని తెలిసినవాళ్లు లేరని మీరే రాశారు. అందుకే మీకు చెప్పను.

జోహో క్రియేటర్‌ను తీసిపారేయడానికి లేదు. చెన్నై కంపెనీ, 2006 నుంచి ఉంది, బిల్లు రూపాయల్లో వస్తుంది, దానిలోని డెల్యూజ్ అనే భాషలో నాలుగు లైన్లు రాస్తే పైన చెప్పిన తేదీల తనిఖీ చక్కగా చేస్తుంది. రేపు మీరు డెకరేషన్, క్యాటరింగ్ కూడా మొదలుపెట్టి పదిహేను మంది వాడే స్థితికి వస్తే నేనే అటు వెళ్లమంటాను. ఇప్పుడైతే ఆ నాలుగు లైన్లకు కూడా మీరు ఇంకొకరి మీద ఆధారపడాలి.

యాప్‌షీట్ ఎందుకంటే, డేటా మీ గూగుల్ షీట్‌లోనే ఉంటుంది, మీకు అలవాటైన ఎక్సెల్ లాంటి చోటే. యాప్‌షీట్‌ను గూగుల్ 2020లో కొనింది. గూగుల్ వర్క్‌స్పేస్ బిజినెస్ ప్లాన్లలో దాని ప్రాథమిక రూపం కలిసే వస్తుంది. ఫోనులో యాప్‌లా తెరుచుకుంటుంది, తెలుగులో పేర్లు పెట్టుకోవచ్చు, సెల్లార్ గోడౌన్‌లో సిగ్నల్ లేకపోయినా ఎంట్రీ చేసి తర్వాత సింక్ చేయొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, సంఖ్య గడికి "వాలిడ్ ఇఫ్" అని ఒక షరతు పెట్టే వీలుంది. ఖాళీ ఉన్న కుర్చీలు 120 అయితే 300 అని కొట్టగానే సేవ్ కానివ్వదు. ఆ షరతు రాసేటప్పుడు రెండు మరిచిపోకండి. రద్దయిన బుకింగులను లెక్కలోంచి తీసేయాలి. ఇప్పుడు తెరిచి ఉన్న వరుసను కూడా మినహాయించాలి, లేకపోతే పాత బుకింగును సరిదిద్దబోతే దాని కుర్చీలను అదే రెండుసార్లు లెక్కపెట్టి వద్దంటుంది. మూడు రోజుల బుకింగు మొదటి రోజున ఒకళ్లది, చివరి రోజున ఇంకొకళ్లది తగిలితే ఈ షరతు రెంటినీ కలిపి కూడేస్తుంది. నిజానికి సరిపోయే సామాను కూడా చాలదని అప్పుడప్పుడు చెబుతుంది. ఆ పొరపాటు మన మేలుకే అనుకుని వదిలేయండి. అలా వచ్చినప్పుడు క్యాలెండరు చూసి మీరు నిర్ణయించుకోవచ్చు.

ఇక్కడొక ప్రమాదం ఉంది. ఆఫ్‌లైన్‌లో ఉన్న ఫోను తన దగ్గరున్న పాత కాపీని చూసి సరే అంటుంది. మీరు షాపులో, తమ్ముడు సెల్లార్‌లో ఒకే సమయంలో బుకింగు తీసుకుంటే ఇద్దరికీ సేవ్ అవుతుంది. కాబట్టి బుకింగు ఎంట్రీ ఒక్క షాపు కౌంటరులోనే జరగాలి. గోడౌన్ వాళ్లకు వెళ్లినవి, వచ్చినవి రాసే ఫారం మాత్రమే ఇవ్వండి.

పట్టికల గుర్తింపు నంబర్ల విషయంలో కూడా జాగ్రత్త. వరుస నంబరును కీగా, అంటే ఒక్కో వరుసను గుర్తుపట్టే గుర్తుగా, పెట్టొద్దు. షీటులో ఎవరైనా ఒక వరుస తీసేసినా, అక్షర క్రమంలో సర్దినా ఒకరి బుకింగు ఇంకొకరి పేరు మీదికి పోతుంది. యాప్‌షీట్ తనే ఇచ్చే యూనిక్ ఐడీ వాడండి. కస్టమరు ఫోను నంబరు కూడా కీగా పనికిరాదు, అన్నదమ్ములిద్దరూ ఒకే నంబరు ఇస్తారు, రెండేళ్లకు నంబరు మారుస్తారు. కానీ వెతకడానికి ఫోను నంబరే నయం. మన ఊళ్లలో వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు, వెంకన్న ముగ్గురూ ఒకే మనిషి కావచ్చు.

అద్దె రేటు దగ్గర చాలామంది పడిపోతారు. సామాను పట్టికలో కుర్చీ అద్దె 8 రూపాయలని ఉంటుంది, బిల్లు దాన్ని చూసి లెక్కగడుతుంది. దసరాకు 10 చేస్తారు. ఆ మరుక్షణం నిరుటి బిల్లులన్నీ కొత్త రేటుకు మారిపోతాయి, ఎప్పుడో తీరిన ఖాతాల్లో బాకీలు కనపడతాయి. ఒక విత్తనాల డీలరు దగ్గర ఇది సర్దడానికి నాకు వారం పట్టింది. కాబట్టి బుకింగు వరుసలో రేటుకు ఒక గడి ఉండాలి, బుక్ చేసిన రోజు రేటు అందులోకి కాపీ అయి అక్కడే నిలిచిపోవాలి. యాప్‌షీట్‌లో దానికి "ఇనీషియల్ వాల్యూ" వాడాలి, ఫార్ములా పెట్టకూడదు. బేరమాడి తగ్గించినా ఆ గడిలోనే మార్చొచ్చు.

సామాను సంఖ్య కూడా అంతే. 600 కుర్చీల్లో పన్నెండు విరిగితే 600ను కొట్టేసి 588 రాయకండి. సామాను రాకపోకలు అని ఒక పట్టిక పెట్టి, కొన్నవి కూడిక, విరిగినవి, పోయినవి తీసివేత అని రాయండి. మొత్తం దానంతటదే వస్తుంది. ఏ ఫంక్షనులో పోయాయో, ఎవరి అడ్వాన్సులో పట్టుకోవాలో అప్పుడే తెలుస్తుంది.

వాపసు ఫారం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, చాలా డేటాబేసులు అక్కడే మూలన పడతాయి. పొద్దున్నే ఆరింటికి టాటా ఏస్ గోడౌన్ ముందు ఆగుతుంది. రాత్రంతా నిద్రలేని కుర్రాళ్లు, గుండిగలకు ఇంకా సాంబారు అంటుకునే ఉంటుంది, చేతులు తడి. పదేసి కుర్చీల దొంతరలు దించుతూ లెక్కపెడతారు. ఆ మనిషిని అరవై వస్తువుల జాబితాలోంచి ఒక్కోటి ఎంచుకుని నంబరు కొట్టమంటే రెండో రోజే మానేస్తాడు. అందుకని బుకింగు తెరవగానే వెళ్లిన వస్తువులన్నీ వాటి సంఖ్యలతో కనపడాలి, తిరిగొచ్చిన సంఖ్య గడిలో అదే అంకె ముందే ఉండాలి. తేడా ఉన్నచోట మాత్రమే మారుస్తాడు, విరిగినదానికి ఒక ఫొటో తీస్తాడు, సేవ్ కొడతాడు. వస్తువుల పేర్లు వాళ్లు పిలిచేలాగే పెట్టండి. ఈ ఫారం తయారుచేశాక మీరు కుర్చీలో కూర్చుని పరీక్షించొద్దు. బండి దిగేటప్పుడు గోడౌన్ కుర్రాడికి ఫోనిచ్చి పక్కన నిలబడి చూడండి, నోరు మెదపకండి. ఎక్కడ వేలు ఆగిందో అక్కడ ఫారం మార్చాలి.

జీఎస్టీ బిల్లులు ఇందులో వేయొద్దు, ట్యాలీలోనే ఉంచండి. బిల్లు నంబర్లు వరుసగా ఉండాలి, ఇలాంటి టూళ్లలో ఒక వరుస తీసేస్తే నంబరుకు ఖాళీ వస్తుంది. ఫంక్షన్ హాళ్లు, ఈవెంట్లవాళ్లు ఇచ్చే జీఎస్టీ నంబరును మాత్రం కస్టమరు పట్టికలో పెట్టుకోండి. పదిహేను అక్షరాలు లేకపోతే తీసుకోకూడదని షరతు పెట్టండి. తెలంగాణవైతే 36తో, ఆంధ్రప్రదేశ్‌వైతే 37తో మొదలవుతాయి. హామీ కింద తీసుకునే ఆధార్ ఫొటోలు అందులో అస్సలు పెట్టొద్దు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, ఒకరి ఆధార్ మీ యాప్ నుంచి బయటికి పోతే జవాబుదారీ మీరే. గూగుల్ షీటుకు "లింకు ఉన్న ఎవరైనా" అనే షేరింగు కూడా పెట్టొద్దు. ఎంట్రీలు తొలగించే హక్కు నాన్నగారికి తప్ప ఎవరికీ వద్దు. మిగతావాళ్లు రద్దు అని గుర్తు పెడితే చాలు.

నెలకోసారి అన్ని పట్టికలనూ సీఎస్‌వీగా (ఏ టూల్‌లోనైనా తెరుచుకునే సాదా ఫైలుగా) దించి పెన్‌డ్రైవులో పెట్టండి. దించాక తెరిచి చూడండి. సీఎస్‌వీని ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే తెలుగంతా పిచ్చి గుర్తుల్లా రావచ్చు. కంగారు పడకండి, డేటా పోలేదు. డేటా మెనూలోంచి ఫైలు దిగుమతి చేసి యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలను సరిగ్గా చదివే పద్ధతి) ఎంచుకుంటే సరిగ్గా వస్తుంది. ఫొటోలు సీఎస్‌వీలో రావు, గూగుల్ డ్రైవులోని ఆ ఫోల్డరును విడిగా కాపీ చేసుకోవాలి.

నాలుగేళ్ల పాత బుకింగులను ఇందులోకి ఎక్కించే పని పెట్టుకోకండి. ఆ గడులను విడగొట్టడానికే నెల పోతుంది, వచ్చే లాభం తక్కువ. పాత ఫైలును కదపకుండా దాచండి. జీఎస్టీ లెక్కలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి కాబట్టి అది ఎలాగూ కావాలి. కొత్తదాంట్లోకి మూడే తేవాలి: ముందున్న బుకింగులు, రావలసిన బాకీలు, గోడౌన్‌లో ఇవాళ నిజంగా ఉన్న సామాను.

మొదలుపెట్టడానికి ఆషాఢమే సరైన సమయం. పెళ్లిళ్లుండవు, సామానంతా గోడౌన్‌లోనే ఉంటుంది. మొదటి వారం కాగితం మీద పట్టికలు గీయండి, రెండో వారం యాప్‌లో కట్టండి. మూడో వారం షట్టర్ దించి కుర్రాళ్లందరితో కలిసి ప్రతి కుర్చీ, ప్రతి గుండిగ చేత్తో లెక్కపెట్టి ఎక్కించండి. నాలుగో వారం శ్రావణానికి వచ్చిన బుకింగులు రాయండి. శ్రావణమంతా నాన్నగారి పుస్తకంలోనూ, యాప్‌లోనూ రెండుచోట్లా రాస్తూ, రోజూ రాత్రి షాపు మూసేముందు రెంటినీ పక్కపక్కన పెట్టి కుర్చీల లెక్క సరిచూడండి. ఎక్కడ తేడా వచ్చినా ఆ రాత్రే వెతికి పట్టుకోండి, తెల్లారితే ఎవరికీ గుర్తుండదు. వరుసగా పదిహేను రోజులు తేడా రాకపోతే పుస్తకం మూయవచ్చు. ఎప్పుడు మూయాలో నాన్నగారినే చెప్పనివ్వండి.